అడ్డం పడే ఇసుక

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఉండేది అంటే, వానాకాలంలో ఉండేది. ఎండలు ముదిరితే ఇసుకా, ఒక బురదగుంటా మాత్రం మిగిలేవి. ఆ గుంటలో అడవిదున్నలు పగలంతా పొర్లాడేవి. అందుకే ఆ నీళ్లు ఎవరూ ముట్టేవారు కాదు. తాగడానికని ఏనుగు పెద్దమ్మ కాస్త దిగువన ఇసుకలో చెలమ తవ్వింది. గుంటలో నీళ్లే ఇసుకలోంచి ఊరి, చెలమలోకి చేరేవి. చల్లగా ఉండేవి, తాగినవాళ్లకు ఏమీ చేసేవి కావు. ఒకటే చిక్కు, చాలా నెమ్మదిగా ఊరేవి.

ముట్టెమ్మ అనే అడవిపందికి పిల్లలు ఎక్కువ, ఓపిక తక్కువ. అన్నిటికన్నా చిన్న పిల్ల పేరు పిసరు. దాహమేస్తే చాలు, తల్లి చెవి పట్టుకుని లాగుతూ ఏడ్చేది. ఆ ఏడుపు వింటే ముట్టెమ్మకు కడుపు తరుక్కుపోయేది.

ఒకరోజు ఇక ఆగలేక, గుంటకూ చెలమకూ నడుమనున్న ఇసుకను ముట్టెతో ఎత్తిపోయడం మొదలుపెట్టింది.

“మమ్మల్ని ఎందుకు తీసేస్తున్నావమ్మా?” అని ఇసుక అడిగింది.

“నీళ్లకు అడ్డం పడుతున్నారు కాబట్టి,” అంది ముట్టెమ్మ.

“అడ్డం పడటమే మా పని.”

ముట్టెమ్మకు నవ్వొచ్చింది. “అదీ ఒక పనేనా? మా పిల్లలు ఆ పని చేస్తే చీవాట్లు పెడతాను,” అంది. ఇసుకంతా గట్టున పోసి, ఆ చోట గులకరాళ్లు నింపింది.

నీళ్లు గలగలా వచ్చాయి. చూడటానికి తేటగానే ఉన్నాయి. పిల్లలు పొట్టలు ఉబ్బేలా తాగాయి. ముట్టెమ్మ తన తెలివికి తానే మురిసిపోయింది.

తెల్లారేసరికి పిసరుకు కడుపునొప్పి, ఆపైన విరేచనాలు. మధ్యాహ్నానికి లేచి నిలబడలేకపోయింది. తల్లి చెవి లాగలేదు, ఏడవనూ లేదు.

నీళ్లకొచ్చిన ఏనుగు పెద్దమ్మ గులకరాళ్లను చూసింది. “ఇక్కడి ఇసుక ఏదే?” అంది.

“నేనే తీసేశాను పెద్దమ్మా. నీళ్లు తొందరగా వస్తాయని,” అంటూ ముట్టెమ్మ ఏడ్చేసింది.

“నాతో చెప్పి ఏం లాభం? పోయి ఇసుకను అడుగు.”

ముట్టెమ్మ గట్టు దగ్గర తల వంచుకుని నిలబడింది. ఇసుక దెప్పలేదు.

“గుంట నీళ్లలో కంటికి కనబడని క్రిములు ఉంటాయమ్మా,” అంది. “నీళ్లతోపాటే అవీ బయలుదేరతాయి. మా సన్నని సందుల్లో దూరుతూ, మాకు తగులుతూ, చివరికి మా ఒంటికే అతుక్కుపోతాయి. నీళ్లు మెల్లగా నడిస్తేనే అది జరుగుతుంది. రాళ్ల మధ్య సందులు పెద్దవి. అతుక్కునే లోపే అన్నీ దాటుకుని వచ్చేశాయి.”

ముట్టెమ్మ రాళ్లన్నీ తీసేసి, ఇసుకను మళ్లీ నింపింది. ముట్టె ఒరుసుకుపోయినా ఆగలేదు. పెద్దమ్మ చెలమలోని చెడ్డనీళ్లు తొండంతో తోడి పారబోసింది. మళ్లీ నీళ్లు ఊరడం మొదలైంది.

“అమ్మా, తాగమా?” అన్నాయి పిల్లలు.

“ఉండండి,” అంది ఇసుక. “మేమింకా సర్దుకోలేదు.” పెద్దమ్మ మళ్లీ తోడేసింది.

“అమ్మా, ఇప్పుడు?”

“ఇంకొంచెం ఉండండి.” పెద్దమ్మ మళ్లీ తోడేసింది.

మూడోసారి పిల్లలు అడగలేదు. పిసరు ఎండిన పెదవులు నాక్కుంటోంది. ముట్టెమ్మ ఉన్న కాసిని పాలూ దానికే పట్టింది, అవీ అయిపోయాయి. ఎదురుగా చెలమలో నీళ్లు మెరుస్తున్నాయి. ముట్టెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆగింది. కళ్లు మూసుకుని వెనక్కి జరిగి, ఇసుక చెప్పేదాకా అక్కడే కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ఇసుక అంది, “ఇక తాగించమ్మా.”

పిసరు కొంచెం తాగింది. కాసేపటికి ఇంకొంచెం తాగింది. ఆ తర్వాత హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే ముట్టెమ్మ చెవిని ఎవరో గట్టిగా లాగారు. “దాహం!” అని ఏడుపు. అంత కమ్మని ఏడుపు ముట్టెమ్మ ఎన్నడూ వినలేదు. ఆ తల్లి హమ్మయ్య అని ఊపిరి వదిలితే, ముందున్న ఆకులన్నీ ఎగిరిపోయాయి.

పిల్లల్ని వెంటబెట్టుకుని చెలమకు వచ్చింది. నీళ్లు ఎప్పటిలాగే నెమ్మదిగా ఊరుతున్నాయి.

“అడ్డం పడుతున్నారా?” అని ఇసుకను అడిగింది.

“పడుతున్నాం అమ్మా.”

“బాగా పడండి. మేం కూర్చుంటాం,” అంది ముట్టెమ్మ.

నీతి: అడ్డంగా ఉందని దేన్నీ తీసిపారేయకూడదు, అది దేన్ని ఆపుతోందో ముందు కనుక్కోవాలి.