ఓబులేసు పెట్టిన పరీక్ష

ఖాదర్ బాషా సారును ప్రశ్న అడిగితే జవాబు ఆయన నోట రాదు. వార్డులో ఏదో ఒక మంచం వైపు వేలు చూపిస్తారు, అంతే. ముప్పై ఏళ్ళుగా ముసలివాళ్ళకు వైద్యం చేసీ చేసీ ఆయనకు అదొక అలవాటైపోయింది. జవాబు కావాలనుకున్నవాళ్ళు ఆ మంచం దాకా నడవాల్సిందే.

ఆ సంగతి తెలిసి కూడా నీహారిక అడిగింది. హౌస్‌సర్జన్‌గా ఆమెకవి ఆఖరి రోజులు. తెచ్చుకున్న ర్యాంకుకు పీజీలో సారు విభాగంలోనే ఒక సీటు అందేలా ఉంది. పదిహేను రోజుల్లో ఒప్పుకోవాలి, లేదా వదులుకుని మరో ఏడాది పుస్తకాలతో కుస్తీ పట్టాలి. తోటివాళ్ళు అప్పుడే "ముసలమ్మ డాక్టర్" అని ఆటపట్టిస్తున్నారు.

"కళ్ళ డాక్టరు చూపు తెప్పిస్తాడు. ఎముకల డాక్టరు విరిగింది అతికిస్తాడు. ముసలితనాన్ని మనమేం బాగుచేస్తాం సార్? ఈ సీటు తీసుకుంటే నాకేం మిగులుతుంది?"

సారు నొచ్చుకోలేదు. "పద్నాలుగో మంచం తాతకు మతి ఎలా ఉందో చూసిరా తల్లీ," అన్నారు.

పద్నాలుగో మంచం మీదున్నది ఓబులేసు, డెబ్బై ఎనిమిదేళ్ళ మెట్టరైతు. వేరుశనగ చేలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్‌కు ముందు ఎముకల డాక్టర్లు సారు అభిప్రాయం అడిగారు. మతి ఉన్న మనిషైతే మళ్ళీ నడక నేర్పవచ్చు, లేనివాడికి కోత పెట్టి ఏం లాభమని వాళ్ళ వాదన. ఓబులేసు లేచి నడుస్తాడా, మంచానికే అతుక్కుపోతాడా అన్నది ఇక తేలేది నీహారిక చేతిలోని కాగితం మీదే.

కాగితం నిండా ముప్పై మార్కుల ప్రశ్నలు. నీహారిక ఆప్యాయంగానే అడిగింది, వినబడదేమోనని కాస్త గట్టిగా కూడా.

"ఇది ఏ సంవత్సరం తాతా?"

"విశ్వావసు."

"ఏ నెల? ఎన్నో తారీఖు?"

"భాద్రపదం. అమావాస్యకు ఇంగ మూడు దినాలుండాది."

"పోనీ, ఇప్పుడు ఏ కాలం?"

"ఉత్తర కార్తె నడుస్తాండాది. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు కదమ్మా! వాన పడింది, ఇంగ గంపెత్తి వలస పోయే పని లేదు. ఆ బురదలోనే నేనూ పడితి."

"వందలోంచి ఏడేడు తీసేస్తూ చెప్పు."

"వంద మూటలా? ఎవురికియ్యాల?"

భాద్రపదం తెలుగు నెల అని నీహారికకు తెలియక కాదు. కాగితం అడిగింది అది కాదు, మార్కులు కాగితం ప్రకారమే వెయ్యాలి. సున్నా మీద సున్నా పెట్టుకుంటూ పోతే మొత్తం తొమ్మిది వచ్చాయి. కింద "పొంతన లేని మాటలు" అని రాసి, పాపం తాత అనుకుంటూ తెచ్చి సారుకిచ్చింది.

సారు దాన్ని చదివారు. ఆమెను వెంటబెట్టుకుని పద్నాలుగో మంచం దగ్గరికి వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పెద్దాయనా, ఈ పాపకు మతి ఎట్లుందో రవంత చూసి చెప్పు."

ఓబులేసు నవ్వలేదు. పెద్ద డాక్టరు అప్పగించిన పనాయె. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఉత్తర పోతే వచ్చే కార్తె ఏది?"

నీహారికకు తెలియదు.

"రాత్రి చంద్రుడు ఏ వేళకు పొడిసినాడు?"

తెలియదు.

"పోనీలే, సులువుది అడుగుతా. నిన్న సాయంత్రం గాలి యా పక్కనుంచి తోలింది?"

నిన్న సాయంత్రమంతా ఆమె ఈ వార్డులోనే ఉంది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. కదలలేక వెల్లకిలా పడుకున్న మనిషికి తెలిసిన గాలి, పదిసార్లు అటూ ఇటూ తిరిగిన తనకు తెలియలేదు. ఆమె తల దించుకుంది.

"ఎన్ని మార్కులేద్దాం?" అన్నారు సారు, జేబులోంచి పెన్ను తీస్తూ.

ఓబులేసుకు జాలేసింది. "మతి బాగనే ఉండాది సామీ. ఏమీ రాసుకోవద్దు. ఆకాశం చూసేకి తీరిక దొరికినట్టు లేదు బిడ్డకు. నేర్పితే నేర్చుకుంటాది."

నీహారికకు సిగ్గుతో ముఖం ఎర్రబడింది. తను ఆయనకు రాసిన తీర్పు ఇంకా సారు చేతిలోనే ఉంది మరి. దాన్ని తీసుకుని చించేసి, కొత్త కాగితం తెచ్చి, సారు లేచి వెళ్ళిన స్టూలు మీదే కూర్చుంది. ఈసారి సంవత్సరాలు ఆయన లెక్కలోనే అడిగింది. ఏడేడు మూటలు ఊళ్ళోవాళ్ళకు పేరుపేరునా పంచమంది. గంట పట్టింది. ఇరవై ఆరు మార్కులొచ్చాయి. ఆ కాగితాన్ని తనే ఎముకల వార్డుకు పట్టుకెళ్ళి, వాళ్ళు ఒప్పుకునేదాకా అక్కడినుంచి కదల్లేదు.

ఆపరేషన్ అయింది. సీటు గడువుకు ఆఖరి రోజు పొద్దున ఓబులేసు వాకర్ పట్టుకుని, ఆగి ఆగి, వరండా చివరి కిటికీ దాకా నడిచాడు. పక్కనే నీహారిక. ఇద్దరూ మెడలెత్తి మబ్బుల్ని చూస్తుండగా సారు వచ్చారు.

"సీటు సంగతి ఏం చేశావు తల్లీ?"

నీహారిక కిటికీ వైపు వేలు చూపించింది. "హస్త కార్తె వచ్చి మూడు రోజులైంది సార్. ఇంకా చినుకు లేదు."

సారు ఓబులేసు వైపు తిరిగి, "నువ్వన్నది నిజమే పెద్దాయనా," అన్నారు. "మతి బాగానే ఉంది."