లక్ష్మమ్మ లెక్క

సన్యాసయ్య సిద్ధాంతిగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. తిరిగి తానొక చిన్న ప్రశ్న వేసి, ఆ తర్వాత ఏదో ఒక వారం పేరు చెప్పి ఆ రోజు రమ్మనేవారు. ఆ రోజు వెళ్ళినవాళ్ళకు జవాబు దొరికేది గాని, అది ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఉన్న పెంకుటింటి వరండాలో కూర్చుని, నలభై రెండేళ్ళుగా పంచాంగాన్ని చేత్తో లెక్కగట్టిన మనిషి ఆయన.

పైల ముత్యాలరావు ఆయన శిష్యుడు. ఇరవై ఒక్కేళ్ళవాడు. ఎవరి సిఫార్సూ లేకుండా, కాలేజీలో లెక్కలు చదువుకుంటూనే ఒకనాడు తనంతట తానే వచ్చి, "గ్రహణం ముందే ఎలా తెలుస్తుందో నేర్పండి" అని వరండా మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటినుంచి లేవలేదు. ఏ అంకె కనపడినా దాన్ని విడగొట్టి మళ్ళీ అతికించి చూసేదాకా అతనికి తోచేది కాదు.

గోదావరి పుష్కరాలు ఇరవై రోజులున్నాయనగా, ముత్యాలు పెద్ద కాగితం చుట్ట ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. అది అతను గీసిన వంశవృక్షం.

"గురువుగారూ, మనిషికి అమ్మానాన్నలు ఇద్దరు. వాళ్ళను కన్నవాళ్ళు నలుగురు. అలా ఏడు తరాలు వెనక్కి వెళితే మొత్తం రెండువందల యాభై నలుగురు. అందులో నాకు పంతొమ్మిది పేర్లు దొరికాయి. మిగతావాళ్ళను ఎక్కడ వెతకాలి?"

సిద్ధాంతిగారు తలెత్తలేదు. ప్రెస్సు నుంచి వచ్చిన కొత్త పంచాంగం కాగితాలు దిద్దుకుంటున్నారు. అచ్చువేసినవాడు ఒక పక్షానికి పదహారు తిథులు కూర్చాడు. అది చూసి ముత్యాలు పకపకా నవ్వాడు.

"లక్ష్మమ్మ లెక్క!"

"అదేం లెక్కరా?"

"మా ఇంట్లో మాట గురువుగారూ. ఎవరైనా తప్పు లెక్కపెడితే అలా అంటాం. లక్ష్మమ్మంటే మా తాతమ్మ, మా తాతను కన్నతల్లి. పాపం, ఆవిడ వారానికి ఎనిమిది రోజులనేదట. ఎంతమంది చెప్పినా ఏడుకు దిగేది కాదట."

సిద్ధాంతిగారి కలం ఆగింది. కాగితాలు పక్కన పెట్టి, ఆవిడ సంగతి మొత్తం చెప్పమన్నారు. ముత్యాలు చెప్పాడు. ముత్తాత ఎర్రయ్య కుర్రతనంలో రంగం వెళ్ళి, అక్కడి రేవులో పడవ నడిపాడు. మన ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు రంగూన్ని రంగమనే అనేవారు కదా, ఆ రంగమే. రేవులో గొడవలు జరిగిన ప్రమోదూత సంవత్సరంలో, భార్యనూ అయిదేళ్ళ కూతురినీ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అక్కడి తెలుగువాళ్ళ అనాథ పిల్లను కట్టుకున్నానని ఊళ్ళో చెప్పాడు. తాత పుట్టింది ఇక్కడికి వచ్చాకే. తాతకు ఊహ తెలియకముందే ఆవిడ పోయింది. పోయిన తిథి ఇంట్లో అందరికీ తెలుసు, ఈశ్వర నామ సంవత్సరం, కార్తీకం. తద్దినం పెట్టాలి గనక గుర్తుంది. పుట్టిన తిథి ఎవరికీ తెలియదు. దానితో ఎవరికీ పని పడలేదు.

"ఇప్పుడు చిక్కొచ్చింది గురువుగారూ. రంగం నుంచి వచ్చిన ఆ అయిదేళ్ళ పిల్ల, మా తాత అక్క, అప్పయ్యమ్మ మామ్మ ఇంకా ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. పుష్కరాల్లో నాన్న పెద్దలకు నీళ్ళు వదులుతాడంటే పట్టుబట్టి కూర్చుంది. లక్ష్మమ్మనేది పడవెక్కాక వాళ్ళయ్య పెట్టిన పేరట. అంతకుముందు ఇంకేదో ఉండేదట. ఆ సొంత పేరుతో తన తల్లిని ఒక్కసారి పిలిస్తే తప్ప తాను గోదావరికి రానంటోంది. ఆ పేరేమో తనకే గుర్తులేదు. ఎక్కడని తెచ్చేది?"

సిద్ధాంతిగారు సముద్రం వైపు చూశారు. "మీ పొరుగువాళ్ళెవరురా?"

"ఎడమవైపు వాసుపల్లి వాళ్ళు. కుడివైపు..."

"అటూ ఇటూ కాదు. ఎదురుగా."

ముత్యాలు సముద్రం వైపు చూశాడు. ఇంగ్లండు రాజుల పేర్లు వరసగా చెప్పగలడు. సూర్యుడి నుంచి శని ఎంత దూరమో మైళ్ళలోనూ కిలోమీటర్లలోనూ చెప్పగలడు. రోజూ కాళ్ళు కడుగుకునే ఈ నీళ్ళకు అవతల ఎవరున్నారో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. "సింగపూరా?" అన్నాడు.

"బర్మా. ఇక్కడికి పదకొండు డిగ్రీల తూర్పున. లెక్కగట్టు."

లెక్క అనగానే ప్రాణం లేచొచ్చింది. "డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే మనకంటే నలభై నాలుగు నిమిషాల ముందు అక్కడ సూర్యోదయం. దూరం..." వేళ్ళ మీద గుణించి, నమ్మలేక మళ్ళీ గుణించాడు. "గురువుగారూ! ఆ ఒడ్డు మనకు ఢిల్లీ కంటే దగ్గర!"

"వాళ్ళ రాజుల్లో ఒకడి పేరు చెప్పు."

ముత్యాలు నోటికి ఇంగ్లండు రాజులే వచ్చారు.

"రంగం కాక ఇంకో ఊరి పేరు?"

మళ్ళీ సింగపూరనబోయి నాలిక కరుచుకున్నాడు.

"పోనీ, వాళ్ళకి వారానికి ఎన్ని రోజులు?"

ముత్యాలుకు నవ్వొచ్చింది. "ఎవరికైనా ఏడే గదండీ!"

"బుధవారం మీ మామ్మను తీసుకురా. మధ్యాహ్నం పన్నెండు దాటాక," అని సిద్ధాంతిగారు మళ్ళీ కాగితాలు అందుకున్నారు.

బుధవారం ముగ్గురూ ఆటోలో బయలుదేరారు. "ఏట్రా ముత్యాలూ, ఇంత ఎండలో నన్నెక్కడికి లాక్కెల్తన్నావు? దారిలో నేను పోతే పుష్కరాల్లో నా పేరు కూడా నువ్వే సదవాల," అంటూనే ఉంది అప్పయ్యమ్మ. ఊరి చివర బర్మా కాలనీలో ఆటో ఆగింది. ఎప్పుడో అక్కడినుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు సర్కారు కట్టిచ్చిన ఇళ్ళవి. ఆ వరసలో ఆఖరి ఇంటి ముందు అరవై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ తెలుగువాణ్ణి పెళ్ళాడి వచ్చిన బర్మా మనిషి. రేషను కార్డులో పేరు సింహాచలం, పుట్టినప్పటి పేరు ఖిన్ ఖిన్.

"రండి సిద్ధాంతిగారూ. ఈసారైనా నవ్వకుండా ఉంటారా?"

"ఈసారి నవ్వడానికి శిష్యుణ్ణి తెచ్చానమ్మా."

ఆవిడ ముత్యాలు వైపు తిరిగింది. "మా పెద్దాడు పుట్టినప్పుడు జాతకం రాయించుకుందామని మీ గురువుగారి దగ్గరికెళ్ళాను బాబూ. ఏ వారం పుట్టాడని అడిగారు. రాహువారం అన్నాను. అలాంటి వారమే లేదు పొమ్మని నవ్వి పంపించేశారు."

"ముప్ఫై ఎనిమిదేళ్ళయింది," అన్నారు సిద్ధాంతిగారు, తల వంచుకుని. ముత్యాలు ఆయన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

మాటల్లో ఉండగానే అప్పయ్యమ్మ పెరటి గుమ్మం దాటేసింది. పెరట్లో నడుమ కుండంత సున్నపు గుడి. దాని చుట్టూ ఎనిమిది దిక్కుల్లో మోకాలెత్తు సిమెంటు దిమ్మలు, ఒక్కోదాని మీద ఒక్కో జంతువు బొమ్మ. ముసలామె గడపలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎవరినీ అడగలేదు. నీళ్ళ డ్రమ్ము మీదున్న చెంబు తీసుకుని, ఏడు దిమ్మలను దాటి, వాయవ్యపు మూల ఉన్నదాని ముందు కూర్చుని నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ముత్యాలు అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. ముప్ఫై అయిదు చెంబుల దగ్గర ఆమె ఆగింది. ఊపిరి తీసుకుని, ఇంకొక్కటి పోసింది.

"రాహువారమా అమ్మా మీది?" అని ఖిన్ ఖిన్ అడిగింది.

"నాది కాదు తల్లీ, మా యమ్మది. బుధవారం మజ్జాన్నం అయ్యిందంటే పెరటి మూల రాయి మీద ఇలాగే పోసీది. నేను నూతి కాడ తోడి అందించీదాన్ని. సెంబుకో సింతగింజ పక్కనెట్టీదాన్ని, లెక్క తప్పకుండా. ఏడాదికో గింజ పెరిగీది. ఎందుకే అంటే నవ్వీది గానీ సెప్పీది కాదు. అమ్మ పోయిన ఏడు ముప్పై అయిదు గింజలు. ముప్పై ఆరోది ఎయ్యడానికి మనిసి నేదు." ఆమె తడి చెంబును ఒళ్ళో పెట్టుకుంది. "అది ఇయాల పోసినాను."

ఖిన్ ఖిన్ ఆమె పక్కన చతికిలబడింది. "మాకు బుధవారాలు రెండమ్మా. పొద్దుటిది బుధుడిది, మధ్యాహ్నం నుంచి రాహువుది. అందుకే మా వారానికి ఎనిమిది. ఎవరు ఏ వారం పుడితే ఆ మూల దిమ్మ మీద, వయసుకంటే ఒక చెంబు ఎక్కువ పోస్తాం. ఆ ఎక్కువది రాబోయే ఏడాదికి."

ముత్యాలు వేళ్ళు మడిచాడు. ముప్ఫై అయిదులో రాబోయే ఏడాదికి ఒకటి తీసేస్తే ముప్ఫై నాలుగు. ఈశ్వర నుంచి ముప్ఫై నాలుగేళ్ళు వెనక్కి జరిగాడు. శోభకృతు. తాతమ్మ శోభకృతు నామ సంవత్సరంలో, బుధవారం మధ్యాహ్నం దాటాక పుట్టింది. అరవై ఆరేళ్ళుగా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతిని ఒక పిల్ల చింతగింజలు భద్రంగా దాచిపెట్టాయి. ఆ పిల్లను తామెవరూ ఒక్కనాడూ అడగలేదు.

"మరి పేరు?" అన్నాడు.

"పేరు నేనెలా చెప్పను బాబూ? కాకపోతే మా దగ్గర పుట్టిన వారాన్ని బట్టే పేరుకు మొదటి అక్షరం వస్తుంది. నేను సోమవారం పుట్టాను, తూర్పు దిమ్మ, పులి. అందుకే ఖ. మంగళవారానికి సింహం, చ ఛ జ..."

ముత్యాలు ఆమె మాట పూర్తిగా వినలేదు. దిమ్మల చుట్టూ తిరుగుతున్నాడు. గరుడుడు. పులి. సింహం. పాము. ఎలుక. ఏ బొమ్మా అతనికి కొత్త కాదు. ఇంటి స్థలానికీ యజమాని పేరుకూ పొంతన చూసే వర్గుల పట్టిక, సిద్ధాంతిగారు మొదటి వారంలోనే కంఠతా పట్టించినది, ఇక్కడ సిమెంటులో నిలబడి ఉంది. అ వర్గు గరుడుడు. క వర్గు పిల్లి, ఇక్కడ పెరిగి పులి అయింది. చ వర్గు సింహం, త వర్గు పాము, ప వర్గు ఎలుక. దిక్కులు మాత్రం ఒక్క మెట్టు పక్కకి జరిగాయి. సముద్రం ఇంతగా అడ్డముంటే, ఏ కాలంలో, ఎవరి పడవలో ఈ పట్టిక అటు దాటింది? ఇంతకూ ఇటునుంచి అటు వెళ్ళిందని తనకెవరు చెప్పారు? ఎన్ని వందల ఏళ్ళు? లెక్క మొదలుపెట్టబోయి, మొదటి అంకె దగ్గరే ఆగిపోయాడు.

చివరికి వాయవ్యపు దిమ్మ దగ్గరికొచ్చి వంగి చూశాడు. నీళ్ళు కారుతున్న ఆ బొమ్మ దంతాలు లేని ఏనుగు. ఏనుగు ఏ వర్గో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"య," అన్నాడు.

ఖిన్ ఖిన్ ఆశ్చర్యపోయింది. "అవును, య. నీకెవరు చెప్పారు?"

అప్పయ్యమ్మ ఆ అక్షరాన్ని నోట్లో వేసుకుని మెల్లగా పలికింది. మళ్ళీ పలికింది. దాని వెనకాల మిగతా పేరు వస్తుందేమోనని, చెవి ఒగ్గి, చాలాసేపు కూర్చుంది. రాలేదు. ఆమె లేచి చీర దులుపుకుని, "సాల్లే నాయినా. తలుపు ఏ పక్కనుందో తెలిసింది," అంది.

పుష్కరాలకు ఆమె వచ్చింది. రాజమండ్రిలో, నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ ముత్యాలు తండ్రిని పురోహితుడు "మీ నాన్నమ్మగారి పేరు?" అని అడిగాడు. ఆయన తడబడ్డాడు. గట్టు మీద నుంచి అప్పయ్యమ్మ "య!" అని కేకేసింది. పురోహితుడు మిగతా పేరు కోసం చేతిలో నువ్వులతో ఎదురుచూశాడు. "అంతే బాబూ, మిగతాది అవతల ఒడ్డున ఉండిపోనాది. నువ్వు కానీ," అంది ఆమె. అతను ఒక క్షణం ఆలోచించి, ఆ ఒక్క అక్షరంతోనే మంత్రం చదివాడు. నువ్వులూ నీళ్ళూ కలిసి సముద్రం వైపు సాగిపోయాయి.

తిరిగొచ్చిన మర్నాడు తెల్లవారుతూండగా ముత్యాలు కాగితం చుట్టతో వరండా ఎక్కాడు. సూర్యుడు నీళ్ళలోంచి అప్పుడే పైకి వస్తున్నాడు. అవతల ఆ సూర్యుడి వయసు నలభై నాలుగు నిమిషాలని అతనికి గుర్తొచ్చింది. సిద్ధాంతిగారు కాగితం విప్పమన్నారు. లక్ష్మమ్మ అని రాసి ఉన్న చోట కొట్టివేత ఉంది. దాని పక్కన ఒక్క అక్షరం, ఆ తర్వాత చాలా ఖాళీ.

"రెండువందల యాభై నాలుగులో ఇప్పటికెన్ని దొరికాయి?"

"పద్దెనిమిది పేర్లు గురువుగారూ. ఒక అక్షరం."

"పంతొమ్మిది అన్నావుగా. తగ్గిందేం?"

ముత్యాలు కొట్టివేత మీద వేలు పెట్టి, "అది ఆవిడ పేరు కాదండీ," అన్నాడు. సిద్ధాంతిగారు కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి అతని చేతికిచ్చారు.

"ఇక లెక్క సరిపోయినప్పుడు నువ్వు అనొచ్చురా, లక్ష్మమ్మ లెక్క అని."