ఏడో చెయ్యి

అనగనగా ఒక రాజు అని మొదలుపెడదామంటే, పిల్లలూ, ఈ కథ నడిచిన దేశంలో రాజే లేడు! నోరెళ్లబెట్టకండి. ఆఖరిగా ఉన్న రాజు కంకాళుడనే మాంత్రికుడు. ఏడు సీమల్నీ మింగి కూర్చుని, పొద్దున్నే ఎవడి మొహం నచ్చకపోతే వాడి తల తీయించేవాడు. చివరికి ఏడు సీమలవాళ్లూ ఏకమై కోట మీద పడితే, గద్దలా మారి ఎగిరి పారిపోయాడు.

పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. ఆ జనమూ అంతే. ఇక జన్మలో రాజు వద్దనుకుని కొత్త కట్టడి ఒకటి చేసుకున్నారు. సీమకొక పెద్ద చొప్పున ఏడుగురు సభలో కూర్చోవాలి. తన సీమవాళ్లు ఏం చెప్పి పంపితే పెద్ద అదే చెప్పాలి. ఏడు చేతులూ లేస్తేనే పని జరగాలి. సభ ఎవరినైనా అడగొచ్చు గాని ఆజ్ఞాపించకూడదు. ఏ మనిషీ తన ఒక్కడి ఇష్టం మీద ఇంకొక ప్రాణం తీయకూడదు.

నదిసీమ పెద్ద మణిధీరుడు. పూర్వపు రాజుల ఇంట పుట్టిన రాకుమారుడు. సింహాసనం లేదు గాని జనానికి వాడంటే ప్రాణం. వాడికేమో అడవిసీమ పెద్ద గంగులవ్వ మనవరాలు కొండమల్లి అంటే ప్రాణం. పెళ్లికి ముహూర్తం కూడా పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు కంకాళుడు గద్దలా దిగివచ్చి, కొండమల్లి మీద గుప్పెడు బూడిద చల్లిపోయాడు. చూస్తుండగానే పిల్ల పాదాలు రాయైపోయాయి! ఆ రాయి మెల్లమెల్లగా పైకి పాకసాగింది.

మణిధీరుడు ఊరుకుంటాడా? కంకాళుడి ప్రాణం ఎక్కడ దాగుందో వెతుక్కుంటూ పడవెక్కి బయల్దేరాడు. దారిలో వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, ఆ తాబేలే వాడిని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. ఏడో సముద్రం అవతల దీవి, దీవిలో పగడపు చెట్టు, చెట్టున పంజరం, పంజరంలో చిలక, చిలకలో కంకాళుడి ప్రాణం.

“మెడ విరిచెయ్యి నాయనా, పీడా పోతుంది!” అంది తాబేలు.

“నా ఒక్కడి ఇష్టం మీద ప్రాణం తీయనని ప్రమాణం చేశాను. సభకి తీసుకెళ్తాను.”

తాబేలు తల లోపలికి లాక్కుని మళ్లీ బయటపెట్టింది. “ఏడు సముద్రాలు దాటి వచ్చింది చిలకని షికారు తిప్పడానికా? సరే, నీ ఇష్టం. ఒక్కమాట విను. పంజరాన్ని చెట్టు మీంచి ఎవరు దింపితే అది వాళ్లది. సొంతవాళ్లు మనసారా తెరిస్తేనే దాని తలుపు తెరుచుకుంటుంది. దొంగకి తెరుచుకోదు, దొరకీ తెరుచుకోదు.”

మణిధీరుడు పంజరం దింపాడు. అది కదలగానే అక్కడ ఇంట్లో కొండమల్లి ఒంట్లో రాయి పరుగందుకుంది. వాడు తిరిగొచ్చేసరికి నడుం దాకా వచ్చేసింది. వాడు పరుగున సభకి పోయి, పంజరం మధ్యలో పెట్టాడు.

“ఇది నాది కాదు, ఏడు సీమలది. ఏడు చేతులెత్తండి, ఇప్పుడే దీని మెడ విరుస్తాను!”

ఒకటి, రెండు, మూడు... ఆరు చేతులు లేచాయి. ఏడోది లేవలేదు. అదెవరిదా అని మణిధీరుడు తిరిగి చూశాడు. గంగులవ్వ!

“అవ్వా! అక్కడ రాయైపోతున్నది నీ మనవరాలు!”

“నాకు తెలీదా అయ్యా?” ముసలమ్మ కళ్లు ధారలు కట్టాయి. “చచ్చిపోయిన పెద్దలు చిలకలై మా అడవికి వస్తారు. చిలకని చంపడానికి చెయ్యెత్తొద్దని మావాళ్లు చెప్పి పంపారు. వాళ్ల మాట చెప్పడానికే గాని, నా కడుపుకోత చెప్పుకోడానికి నన్నిక్కడ కూచోబెట్టలేదు.”

కంకాళుడిలాంటివాడు మళ్లీ రాకూడదని చేసుకున్న ఈ కట్టడే కంకాళుణ్ణి కాపాడుతోందా అనుకున్నాడు మణిధీరుడు.

రెండో రోజుకి రాయి గుండెల దాకా వచ్చింది. కంకాళుడు వస్తున్నాడని కబురు. “పంజరానికి కాపలా కావాలి, సీమకి వందమందిని పంపండి” అని మణిధీరుడు బతిమాలాడు. ఈసారి ఏడు చేతులూ లేచాయి! అమ్మయ్య అనుకున్నాడు. కానీ సభ అడగ్గలదు గాని రమ్మని ఆజ్ఞాపించకూడదు కదా. మావాళ్లు కోతల్లో ఉన్నారు, పక్కసీమవాళ్లు పంపితే మేమూ పంపుతాం అన్నారు ఒక్కో సీమవాళ్లూ. సాయంత్రానికి వచ్చింది ముగ్గురు. అందులో ఒకడు కుంటివాడు, ఒకడు దారి తప్పి వచ్చినవాడు.

మూడో రోజు రాయి మెడ దాకా వచ్చింది. ఆ ముగ్గురు కాపలావాళ్లనీ పక్కకి తోసి కంకాళుడు తిన్నగా సభలోకి నడిచొచ్చాడు.

“చిలకనీ, దేశాన్నీ నా చేతిలో పెట్టండి. ఆ పిల్లని బతికిస్తాను. లేదా, ఒక్కొక్కణ్ణీ బండరాయి చేస్తాను!”

ఉప్పుసీమ పెద్ద సూరప్ప చెయ్యి ముందుగా లేచింది. తరవాత ఇంకోటి, ఇంకోటి. అయిదు చేతులు లేచాయి. ఆరో చెయ్యి కూడా లేచింది. అదెవరిదా అని మణిధీరుడు చూసుకున్నాడు. అది తనదే! కొండమల్లి మొహం కళ్లలో మెదిలింది, చెయ్యి దానంతటదే లేచిపోయింది.

“నేను ఎత్తను” అంది గంగులవ్వ. “మమ్మల్ని బండలు చేస్తే చేసుకో. బండలు నీకు పంజరం ఎలా తెరుస్తాయిరా?”

కంకాళుడి మొహం మాడిపోయింది. మరుక్షణమే పకపకా నవ్వాడు. “మధ్యాహ్నానికి రాయి ఆ పిల్ల నోరు మూస్తుంది. అప్పుడు నువ్వే ఎత్తుతావు. అందాకా మెట్ల మీద కూచుంటా. నా చిలకని చంపడానికైతే మీ ఏడుగురూ ఒక్కమాట మీదికి రావడం నా జన్మలో చూడను!”

వాడు బయటికి పోగానే మణిధీరుడు గంగులవ్వ కాళ్ల మీద పడ్డాడు. “అవ్వా, మొన్న నీ ఒక్క చెయ్యి లేవలేదని తిట్టుకున్నాను. ఇవాళ ఆ చెయ్యే దేశాన్ని నిలబెట్టింది. కానీ ఇలాగైతే మనం బతకం. దేశాన్ని కాపాడుకునే పనికి అయిదు చేతులు చాలు, సభ మనుషుల్ని పంపమంటే సీమలన్నీ పంపి తీరాలి. కట్టడి మారుద్దాం.”

“మరి దేశాన్ని ఒకడి చేతిలో పెట్టే పనికో?”

“దానికి ఏడూ లేవాలి. ఎప్పటికీ.”

“చిలకని చంపొద్దన్నారు గాని కట్టడి మార్చొద్దని మావాళ్లు చెప్పలేదు” అంటూ ముసలమ్మ చెయ్యెత్తింది. ఏడు చేతులు! ఆ వెంటనే చిలక సంగతి అడిగితే ఆరు లేచాయి. గంగులవ్వ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆరుగురూ ఆవిడకి దణ్ణం పెట్టి పంజరం తెరిచారు. చిలక మెడ విరిగిన క్షణాన మెట్ల మీద కంకాళుడు నవ్వుతూ నవ్వుతూనే బూడిదైపోయాడు.

రాయి కరిగి కొండమల్లి పరిగెత్తుకొచ్చింది. వారం తిరక్కుండా పెళ్లి. పందిట్లోనే సూరప్ప లేచి అరిచాడు: “ఇలాంటివాడు మళ్లీ దొరకడు. మణిధీరుణ్ణి రాజుని చేద్దాం!” జనం ఈలలు, కేకలు. అయిదు చేతులు లేచాయి. ఆశ్చర్యం! ఆరోదిగా గంగులవ్వ చెయ్యి కూడా లేచింది. “మావాళ్లందరి మాటా ఇదే” అంది. ఇక ఒక్క చెయ్యే మిగిలింది.

అది పెళ్లికొడుకుది. వాడు దానివైపు చూసుకున్నాడు.

“మొన్న మూడో రోజున కంకాళుడికి దేశాన్ని ఇచ్చెయ్యడానికి లేచింది ఈ చెయ్యి” అన్నాడు. “దీంట్లోనా మీ దేశాన్ని పెడతారు?”

మణిధీరుడు ఆ చెయ్యి ఎత్తలేదు. కొండమల్లి దాన్ని పట్టుకుని పీటల మీదికి లాక్కెళ్లింది.

వాళ్లిద్దరూ పిల్లాపాపలతో చల్లగా బతికారు. ఆ దేశంలో మూడు తరాలు దాటినా రాజు పుట్టలేదు, రాజ్యం మాత్రం బంగారంలా సాగింది.