ఖాళీ పంజరాలకు మేత

ఆ... గిప్పుడు నువ్వొచ్చినట్లనే ఉరికొచ్చింది నస్రీన్, చేతిల మిఠాయి డబ్బ! మీ తాత పోయి నెల గాలే. కానీ గా దినం సంగతి చెప్పాలంటే ఇప్పటికీ హుషారొస్తది బిడ్డా.

నేను ల్యాబుల ఎలుకల గదిల మేతలేసేదాన్ని. మీ తాత పరాంకుశం సారు ఆడ పెద్ద సైంటిస్టు. నస్రీన్ ఆయన దగ్గర చదివే పిల్ల. ఎలుకల ఛాతీకి కిరణాలు పెట్టి, ఊపిరితిత్తుల కేన్సర్ ఎట్ల పుడ్తదో చూసేటోళ్ళు. కొంచెం పెట్టిన పంజరాలకు పచ్చ చీటీ, మస్తు పెట్టినవాటికి ఎర్ర చీటీ.

"పెళ్ళి కుదిరిందా బిడ్డా?" అన్న.

"అంతకన్నా పెద్దది రాజవ్వా!" అని, ఆడనే ఉన్న మీ తాత దిక్కు తిరిగింది. "సార్, పచ్చ చీటీ వాటికి గడ్డలు మస్తుగొచ్చినయ్. ఎర్ర చీటీ వాటికి ఒక్కదానికీ రాలే! గట్టి కిరణానికి కేన్సరే భయపడుతుంది సార్! మా రాణిని చూడండి, ఎట్ల తిరుగుతుందో!"

రాణి అంటే ఎర్ర చీటీలల్ల మిగిలిన ఒక్క ఎలుక. పేరు గా పిల్లే పెట్టింది.

తెల్లారి పెద్ద మీటింగు. కిరణాల మిషన్ల కాడ పనిచేసేటోళ్ళకు ఎంత తగిలినా పర్వాలేదో ఆడ తేలుస్తరట. ఈ పిల్ల లేచి ఇదే చెప్తదట.

మీ తాత డబ్బ తీస్కొని పక్కన పెట్టిండు. నా చేతిల మేత బకెట్ తీస్కొని ఆమెకిచ్చిండు.

"ఇయ్యాల నువ్వెయ్యమ్మా."

పచ్చ చీటీ పంజరాలకు ఏసింది. ఎర్ర చీటీలకాడికి వచ్చి, ఖాళీ పంజరాలు దాటేసి రాణి దిక్కు పోవట్టింది.

"ఆగు. వీటికో?"

"అవి చచ్చిపోయినయ్ గదా సార్."

"కేన్సర్ రాలేదంటివి గదా. వెయ్యి."

నవ్వింది. నేనూ నవ్విన. మీ తాత నవ్వలే. ఖాళీ పంజరంల పిడికెడు ఏసింది. ఇంకోదాంట్ల ఏసింది.

"ఇది ఎప్పుడు పోయింది?"

చీటీ చూసింది. "ఎండలు ముదరకముందే సార్."

"ఇది?"

"ఇదీ గప్పుడే."

"పచ్చ చీటీ వాటికి గడ్డలు ఎప్పుడు కనబడ్డయ్?"

"వానలు పడ్డంక..."

ఆమె చెయ్యి బకెట్లనే ఆగిపోయింది. ఖాళీ పంజరాల్ల మేత అట్లనే ఉంది.

"రేపు ఏం చెప్తవమ్మా?"

"గడ్డలొచ్చే కాలందాకా ఏది బతికిందో, ఏది బతకలేదో ముందు చెప్త సార్."

అబ్బ, గప్పుడు చూడాలె మీ తాతను! మొహమంత వెలుగు. డబ్బ ఆయనే ఇప్పి, "రాజవ్వా, రా! ఇప్పుడు తిందాం" అని పెద్ద లడ్డూ ముందు గా పిల్లకే పెట్టిండు.

నస్రీన్ సగం తిని, పోయి రాణి ముందట ఇంత మేత పెట్టింది. అది వాసన చూసింది, ముట్టలే.

తెల్లారేసరికి రాణికి పానం లేదు.