నాంచారి బండిని గుద్దిందెవరు?

అనగనగనగా, ఉప్పుగాలి వీచే ఒక రాజ్యంలో పగడాలపట్నం అనే ఊరు ఉండేది. సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పుమడుల నుంచి ఆ ఊరికి ఉప్పు తోలే మనిషి పేరు నాంచారి. మొగుడు పోయాడు. ఆమెకు మిగిలింది ఒక బండి, ఒక జత ఎడ్లు, ఇద్దరు పసిపిల్లలు. వానలు పడితే మడులు మునిగిపోతాయి. ఆలోపు తోలిన ఉప్పుతోనే ఏడాదంతా ఇల్లు గడవాలి.

వానలకు ముందు వచ్చే సంత ఒకటి జరిగింది. నాంచారి బండ్ల దొడ్డిలో ఎడ్లను విప్పి చెట్టుకు కట్టింది. బండిని ఓ వారగా, ఎవరికీ అడ్డం లేకుండా నిలబెట్టింది. ఉప్పు బేరం మాట్లాడుకుని తిరిగి వచ్చేసరికి బండి విరిగి ఉంది. చక్రం చీలిపోయింది. ఇరుసు వంగిపోయింది. బండిలో ఉన్న బస్తా చిరిగి, ఉప్పంతా నేలపాలయింది. చీలిన చక్రంలో ఒక ములుకోల గుచ్చి ఉంది.

ఆ ములుకోల సంగతి చెప్పాలి. ఆ రాజ్యంలో బండివాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. నిలబెట్టిన బండిని ఎవరైనా గుద్ది చెడగొడితే, చూసినవాళ్ళు లేకపోయినా సరే, చల్లగా జారుకోకూడదు. ఎడ్లను అదిలించే తన ములుకోలను ఆ బండికి గుచ్చి వెళ్ళాలి. ‘తప్పు నాది, బాగు చేయించేదీ నేనే’ అని దానికి అర్థం.

ములుకోల పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. అది కట్టెలమ్మే కోటప్పదని ఊరందరికీ తెలుసు. అయినా నాంచారి దొడ్డి కావలివాడిని అడిగింది.

“నేను చూళ్ళేదమ్మా, కునుకు పట్టింది” అన్నాడు వాడు. “కునుకు పట్టేముందు దొడ్డిలో ఉండి, లేచేసరికి వెళ్ళిపోయినవి మాత్రం మూడే బండ్లు. కోటప్పది, బెల్లం రత్తయ్యది, ధాన్యం వరహాలయ్యగారిది.”

నాంచారి నేరుగా కోటప్ప గుడిసెకు వెళ్ళింది. కోటప్ప మాటకు ముందు కోపం వచ్చే మనిషి.

“నేను గుద్దలేదు! నా ములుకోలని ఎవడో కొట్టేశాడు. సంతలోంచి వచ్చినప్పట్నుంచీ దానికోసమే చస్తున్నా” అని అరిచాడు.

“సరిగ్గా ఇవాళే పోయిందా కోటప్పన్నా? పోయి సరిగ్గా నా బండిలోకే వచ్చిందా?” అంది నాంచారి. అతని మాట ఆమె రవ్వంత కూడా నమ్మలేదు. వీధిలోకి వచ్చి, నలుగురూ వినేలా “దొంగమాటలు!” అని కూడా అంది.

అక్కణ్ణుంచి రత్తయ్య ఇంటికి వెళ్ళింది. రత్తయ్య నోట్లోంచి మాటలు తియ్యగా వచ్చాయి గానీ, బండి చూపించమనేసరికి మొహం మాడిపోయింది. బండి పెరట్లో తాటాకుల కింద దాచి ఉంది.

“పిల్లలకు దిష్టి తగుల్తుందని కప్పాను చెల్లెమ్మా” అన్నాడు.

బండిని కప్పితే పిల్లలకు దిష్టి తగలదా? ఇదెక్కడి విడ్డూరం! నాంచారి అనుమానం ఇప్పుడు రెండుగా చీలింది.

చివరకు వరహాలయ్య మేడకు వెళ్ళింది. బండి తోలే మనిషికి జ్వరం రావడంతో, ఆ రోజు సంతకు ఆయన గంటలు, అద్దాల గుడ్డలు కట్టిన తన కొత్త ఎడ్లను స్వయంగా తోలుకెళ్ళాడు. నాంచారిని చూడగానే లేచి వచ్చాడు. చల్లని మజ్జిగ ఇప్పించాడు.

“పాపం, పిల్లలు గలదానివి. బాగుచేయించడానికి అయ్యేదాంట్లో సగం నేనిస్తాలే. పుణ్యానికే ఇస్తున్నాననుకో. రేపు తగవులు తీర్చే ధర్మాధికారి ముందు మాత్రం, కోటప్పే గుద్దాడని ఒక్క మాట చెప్పి, గొడవ అక్కడితో వదిలెయ్యి” అన్నాడు.

సగమైనా చేతికొస్తే చాలని నాంచారి ప్రాణం కొట్టుకుంది. చెయ్యి చాపబోయి ఆగింది. వరహాలయ్య నేల మీద ఒక గింజ రాలితే వంగి ఏరుకునే రకం. అలాంటి మనిషికి ఇవాళ ఇంత జాలి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

“ఆలోచించుకుని చెబుతానయ్యా” అని లేచింది. మజ్జిగ అలాగే ఉండిపోయింది.

దారి పొడవునా ఆమెకు అందరి మీదా అనుమానమే. కావలివాడి కునుకు మీద అనుమానం. రత్తయ్య తాటాకుల మీద అనుమానం. ఆఖరికి తన అనుమానం మీద తనకే అనుమానం వచ్చింది. తప్పు ఒప్పుకునేవాడే కదా ములుకోల గుచ్చి వెళ్ళేది? పారిపోదలచినవాడు గుచ్చడు. మరి కోటప్ప గుచ్చి వెళ్ళి, మళ్ళీ నేను కాదని ఎందుకంటాడు? ఎంత ఆలోచించినా ఆ రెండూ పొసగలేదు. తొందరపడి నోరు జారానేమోనని ఆమెకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు తగవు ధర్మాధికారి దగ్గరకు చేరింది. ఆయన కోటప్పను పిలిపించి ములుకోలను చూశాడు.

“ఇంకేం కావాలి? కోటప్పే ఇచ్చుకోవాలి. లేకుంటే అతని ఎడ్లను అమ్మి ఇప్పిస్తాను” అన్నాడు.

ఎడ్లు పోతే కోటప్పకు బతుకే లేదు. నాంచారి ఊరుకుంటే చాలు, ఆ పూటే ఆమె కష్టం గట్టెక్కేది. ఆమె ఊరుకోలేదు.

“ప్రభూ, ఒక్క రోజు గడువు ఇప్పించండి. ఎడ్లు గుద్దుకున్న చోటును మరిచిపోవు. గుద్దిన ఎడ్లు నా బండిని చూస్తే బెదిరి మొరాయిస్తాయి. రేపు పొద్దున ముగ్గురినీ అవే బండ్లు, అవే ఎడ్లు కట్టుకుని, నా బండి పక్కనుంచి తోలుకు రమ్మనండి” అంది.

ధర్మాధికారి సరేనని, మిగతా ఇద్దరినీ పిలిపించి సంగతి చెప్పాడు. కోటప్ప “పదిసార్లు రమ్మన్నా వస్తా” అన్నాడు. రత్తయ్య “అలాగే” అని గొణిగాడు. వరహాలయ్య చిరునవ్వు నవ్వాడు.

తెల్లవారేసరికి ఊరు ఊరంతా దొడ్డి దగ్గర గుమిగూడింది. ముందుగా కోటప్ప బండి వచ్చింది. నాంచారి బండి దగ్గరకు రాగానే ఎడ్లు టక్కున ఆగిపోయాయి. ఎంత అదిలించినా కదల్లేదు.

“దొరికాడు! దొరికాడు!” అని జనం కేకలు పెట్టారు.

“ఆగండయ్యా” అంది నాంచారి. “అవి బెదరలేదు. ఉప్పు నాకుతున్నాయి, చూడండి.”

నిజమే. నేల మీద చెదిరిన ఉప్పును ఎడ్లు కమ్మగా నాకుతున్నాయి. జనం నాలుక కరుచుకున్నారు.

తరువాత రత్తయ్య వచ్చాడు. అతని ఎడ్లు కూడా ఉప్పు దగ్గర ఆగి, నాకి, తమ దారిన తాము పోయాయి. చక్రాల మీద దెబ్బ తగిలిన గుర్తేమీ లేదు. “మరి బండిని ఎందుకు దాచావురా?” అని ధర్మాధికారి గద్దించాడు. సంత సుంకం ఎగ్గొట్టి, సుంకంవాళ్ళ కంట పడకుండా దాచానని రత్తయ్య ఏడుపు మొహంతో ఒప్పుకున్నాడు.

ఆఖరున వరహాలయ్య బండి వచ్చింది. ఎడ్ల మెడలో అవే గంటలు, వీపున అవే అద్దాల గుడ్డలు. కొమ్ములకు కొత్త రంగు. ఉప్పు వాసనకు కూడా ఆగనివ్వకుండా ఆయన వాటిని పొడుస్తూ తోలాడు. బండి నాంచారి బండిని దాటేసింది.

“చూశారా! బెదిరాయా?” అన్నాడు మీసం దువ్వుతూ.

కానీ నాంచారి చూపు ఎడ్ల మీదే ఉంది. ఎడమవైపు ఎద్దు కుడికి తోసుకొస్తోంది. కుడివైపు ఎద్దు ఎడమకు ఒరుగుతోంది. రెండూ భుజాలు రాసుకుంటూ ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఏ జతలోనైనా కుడిపక్క నడిచేది ఎప్పుడూ కుడిపక్కే, ఎడమపక్కది ఎప్పుడూ ఎడమపక్కే. చిన్నప్పుడు అలవాటైన పక్కను ఎద్దు ముసలితనంలో కూడా వదలదు.

“అయ్యా, వీటిని అటుదిటు, ఇటుదటు కట్టారే! మీ ఎడ్లను మీరే మరిచిపోయారా?”

“తొందరలో కట్టాన్లే. ఇవి నా ఎడ్లే!”

“అయితే పేరు పెట్టి పిలవండి” అన్నాడు ధర్మాధికారి.

“గంగన్నా! ధవళా!” అని పిలిచాడు వరహాలయ్య. ఒక్క చెవి కూడా కదల్లేదు. జనంలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

ధర్మాధికారి వరహాలయ్య మేడకు భటులను పంపాడు. అసలు ఎడ్లు వెనక కొట్టంలో ఉన్నాయి. అందులో ఒకదాని భుజం చెక్కుకుపోయి ఉంది. ఈ జతను పొరుగూరి బావమరిది దగ్గర్నుంచి రాత్రికి రాత్రి తెచ్చాడని తేలిపోయింది.

“ఎడ్లను ఎందుకు మార్చావు?” అన్నాడు ధర్మాధికారి.

నాంచారే అందుకుంది.

“ప్రభూ, గుద్దిన ఎడ్లు బెదురుతాయో లేదో నాకూ తెలియదు. గుద్దినవాడు మాత్రం బెదురుతాడని తెలుసు. తప్పు చేయనివాళ్ళిద్దరూ తమ ఎడ్లతోనే వచ్చారు.”

వరహాలయ్య ఇక దాచలేకపోయాడు. కొత్త ఎడ్లు అదుపు తప్పి బండిని గుద్దాయని, కోటప్ప ఆదమరిచి ఉండగా ములుకోల లాగి తానే గుచ్చానని ఒప్పుకున్నాడు. అప్పుడు కూడా బేరం మాత్రం మానలేదు.

“అది పాత బండి ప్రభూ. కొత్త చక్రం మొత్తం నేనెందుకు చేయించాలి? సగం చాలదా?”

“పాతదే అయ్యా” అంది నాంచారి. “కానీ మీరు గుద్దేదాకా నడిచింది. నాకు కొత్త బండి వద్దు, నడిచే బండి కావాలి. నడవని రోజుల్లో నా పిల్లలు ఏం తినాలి?”

ధర్మాధికారి తీర్పు చెప్పాడు. చక్రం, ఇరుసు, పోయిన ఉప్పు పూర్తిగా వరహాలయ్యే ఇచ్చుకోవాలి. బండి బాగయ్యేదాకా ఆయన బండే నాంచారి ఉప్పు తోలాలి. ఇతరుల మీద నింద వేసినందుకు, ఆ బండిని ఆయనే తోలాలి.

నాంచారి జనం మధ్యలోంచి కోటప్ప దగ్గరకు వెళ్ళింది. “వీధిలో నిన్ను దొంగమాటలన్నాను కోటప్పన్నా. వీధిలోనే చెబుతున్నాను, తప్పు నాది” అంది. సిగ్గుతో ఆమె తల వంగిపోయింది.

కోటప్ప కోపం దిగమింగాడు. “నా ఎడ్లని నిలబెట్టావు. పోన్లే” అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వారమంతా అద్దాల గుడ్డల ఎడ్లు ఉప్పు బస్తాలు లాగాయి. వరహాలయ్య ముందు కూర్చుని, ముక్కు దాకా తలగుడ్డ దించుకుని బండి తోలాడు. వెనక బస్తాల మీద నాంచారి పిల్లలు కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. మొదటి వాన పడేనాటికి మడుల్లో ఉప్పంతా ఇల్లు చేరింది.

కాబట్టి పిల్లలూ, అనుమానం రావడం తప్పు కాదు. తేల్చుకోకుండా ఒకరిని దోషిని చేయడం తప్పు, తేలిన తరువాత మనకు రావలసింది అడగకుండా వదులుకోవడమూ తప్పే.