పేరు తెలియని ఆవిడ కోసం ప్రార్థన

కృపాదానం ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నా అది నిలవలేదు.

బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. ఉపవాసాలున్నాడు. ఫోన్లో ఉన్నవన్నీ చెరిపేసి, మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. కొన్నాళ్ళు బాగానే గడిచేది. ఆ తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం, ఒంటరిగా ఉన్నప్పుడు, చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది. చూడకూడని బొమ్మలు చూసేవాడు. చూసినంతసేపూ లోకం తెలిసేది కాదు. చూశాక అద్దంలో తన ముఖం తనే చూసుకోలేకపోయేవాడు.

కాలేజీ రోజుల్లో అంటుకున్న అలవాటు. పెళ్ళయితే పోతుందనుకున్నాడు. లీదియను చేసుకున్నాడు. పాప పుట్టింది. అలవాటు అలాగే ఉంది.

బయట అతనికి మంచి పేరు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఆ ఊరి చర్చిలో, పాస్టరు నతానియేలు అయ్యగారి దగ్గర అతను శిష్యుడు. వయసు మీదపడి అయ్యగారి గొంతు సన్నబడ్డాక, ఆదివారం వాక్యం అతనే చెప్పేవాడు. వినడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చేవారు. పవిత్రత గురించి అతను మాట్లాడుతుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు.

ప్రార్థన చేసుకోవడానికీ, వాక్యం సిద్ధం చేసుకోవడానికీ చర్చిని ఆనుకుని అతనికో చిన్న గది ఉండేది. లోపలికి వెళితే గడియ పెట్టుకునేవాడు. ఒకరోజు గడియ సరిగ్గా పడలేదు.

అన్నానికి పిలుద్దామని లీదియ తలుపు తోసింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. కృపాదానం ఫోను బోర్లించాడు. అప్పటికే ఆమె చూసేసింది.

ఆమె కేకలు వెయ్యలేదు. ఎండకు ముఖమంతా ఎర్రగా కంది ఉంది.

“మీరు ప్రార్థనలో ఉన్నారనుకున్నాను. పాప ఏడుపు మీకు వినపడకూడదని ఇంతసేపూ రోడ్డు మీద ఎత్తుకుని తిరిగాను” అంది.

అంతే. ఆ సాయంత్రమే పాపను తీసుకుని బాపట్లలో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు కృపాదానం అయ్యగారింటికి వెళ్ళాడు. అయ్యగారి భార్య పోయి చాలా కాలమైంది. ఆయన ఒక్కరే వండుకుని తింటారు. కృపాదానం ఆయన ఎదుట కూర్చుని అంతా చెప్పాడు. ఒక మనిషికి ఆ సంగతి చెప్పడం అతనికి అదే మొదటిసారి. అయ్యగారు నేల చూపులు చూస్తూ విన్నారు.

చివరికి కృపాదానం తల వంచాడు.

“నా తల మీద చేతులుంచి ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. ఒక్కసారిగా ఇది నన్ను వదిలిపోవాలి.”

అయ్యగారు లేచారు. చేతులు ఉంచలేదు. అటక మీది పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, “పదరా” అన్నారు.

ఇద్దరూ ఆ గది దగ్గరికి వెళ్ళారు. అయ్యగారు తలుపు మడతబందుల మరలు ఊడదీయడం మొదలుపెట్టారు. తుప్పుపట్టి ఉన్నాయి. ఆయన చేతులు వణుకుతుంటే కృపాదానం అందుకున్నాడు. ఇద్దరూ కలిసి తలుపు మోసుకెళ్ళి చర్చి వెనక గోడకు చేర్చారు.

“పాపం చేసింది నేను, తలుపు కాదు కదండీ” అన్నాడు కృపాదానం.

“కాదు. అది నీకు తోడు నిలిచింది, అంతే” అన్నారు అయ్యగారు.

ఫోను అడిగి తీసుకున్నారు. మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే తన పాత ఫోను అతని చేతిలో పెట్టారు.

“ప్రార్థన?” అన్నాడు కృపాదానం.

“చేస్తున్నాం కదరా. మధ్యాహ్నం నుంచీ” అన్నారాయన.

ఆ ఆదివారం వాక్యం అయ్యగారే చెప్పారు. గొంతు వెనక వరుసల దాకా రాలేదు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన, “మా కృపాదానం ఏడండీ? ఒంట్లో బాగాలేదా?” అని అడిగాడు.

“ఉన్నాడు. కొన్నాళ్ళు వింటాడు” అన్నారు అయ్యగారు.

కృపాదానం చివరి చాప మీద, చెప్పుల వరుస దగ్గర కూర్చుని ఉన్నాడు. తను ప్రసంగించిన మాటలన్నీ అక్కడి దాకా ఎలా వినిపించి ఉంటాయో అనుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అయ్యగారు అతనికి పనులు పెట్టారు. తెల్లారకముందే లేచి చర్చి ఊడవడం, చేతిపంపు నుంచి నీళ్ళు మొయ్యడం, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రావడం. మధ్యాహ్నాలు ఒంటరిగా ఉండకూడదన్నారు. ఆ వేళకు వచ్చి తనతో కలిసి అన్నం తినమన్నారు. కృపాదానం అన్నీ చేశాడు. వారాలు గడిచాయి. గెలిచాననే అనుకున్నాడు.

ఒకరోజు అతని పినతండ్రి కొడుకు పట్నం నుంచి వచ్చాడు. అన్నం తిని నిద్రపోయాడు. అతని ఫోను కిటికీలో ఉంది. కృపాదానం దాన్ని తీసుకుని కాలవ గట్టుకు వెళ్ళాడు.

తిరిగి వస్తుంటే కాళ్ళు అయ్యగారింటి వైపు పోలేదు. చాలాసేపు గట్టు మీదే తిరిగాడు. చివరికి వెళ్ళాడు.

అయ్యగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

“మళ్ళీ పడ్డానండీ” అన్నాడు కృపాదానం. “నన్ను పంపించెయ్యండి. నేను దీనికి పనికిరాను.”

అయ్యగారు పళ్ళెం పక్కకు జరిపి చోటిచ్చారు. అతను కూర్చున్నాడు.

“ఎవరావిడ?”

కృపాదానానికి అర్థం కాలేదు. “ఎవరండీ?”

“నువ్వు చూసినావిడ.”

“తెలీదండీ.”

“పేరు?”

“తెలీదు.”

“ఏ ఊరమ్మాయి?”

అతను తల వంచుకున్నాడు.

“ఇష్టపడి వచ్చిందా, ఎవరైనా లాక్కొచ్చారా? అమ్మా నాన్నా ఉన్నారా?”

కృపాదానం తల ఇంకా వంగిపోయింది. ఆమె ముఖం ఎలా ఉందో గుర్తుచేసుకుందామని చూశాడు. గుర్తు రాలేదు. ముఖం అసలు చూడనే లేదని అప్పుడు తెలిసింది.

“సరే, ఆవిడ కోసం ప్రార్థన చేద్దాం” అని అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. “నువ్వే చెయ్యి.”

ఆ ఊళ్ళో ప్రార్థనకు అతన్ని మించినవాడు లేడని పేరు. “ప్రభువా, ఈ...” అని మొదలుపెట్టాడు. ఆగిపోయాడు. ‘ఈ’ అన్నాక ఆమెను ఏమనాలి? మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

అయ్యగారు కళ్ళు తెరవకుండానే అన్నారు.

“పేరు లేకుండా కష్టమేరా. మా జెమీమా పేరు పెట్టు.”

జెమీమా అయ్యగారి ఒక్కగానొక్క కూతురు. ఒంగోలులో టీచరు. కృపాదానం ఆమెను అక్కా అని పిలుస్తాడు. అతని పెళ్ళిలో బంతి దగ్గర నిలబడి అందరికీ వడ్డించింది ఆమే. పాపకు మొదటి గౌను కుట్టి తెచ్చింది ఆమే.

“వద్దండీ” అన్నాడు. “అయ్యగారూ, వద్దండీ.”

అయ్యగారు కదల్లేదు. చేతులు జోడించుకుని అలాగే కూర్చున్నారు. వీధిలో ఎవరో సైకిలు మీద వెళుతూ వందనాలు చెప్పారు. ఆయన పలకలేదు.

చాలాసేపటికి కృపాదానం నోరు తెరిచాడు. “ప్రభువా, మా జెమీమాను...” అన్నాడు. అరుగు మీద బోర్లా పడి ఏడ్చాడు. ఇన్నేళ్ళూ తన గురించి ఏడ్చాడు. ఆ రోజు ఏడ్చింది తన గురించి కాదు.

అయ్యగారు ఆమెన్ అన్నారు. పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు.

అతను వెళ్ళబోతుంటే, “ఒరే, పడ్డాక కాదు. పడకముందు రా” అన్నారు.

అప్పటి నుంచీ కృపాదానం పడకముందే వెళ్ళేవాడు. మనసు అటు లాగినప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి అయ్యగారింటికి నడిచేవాడు. ఒక్కోసారి పరుగెత్తేవాడు. ఎందుకొచ్చావని ఆయన అడిగేవారు కాదు. ఇద్దరూ కూర్చుని, పేరు తెలియని ఆవిడెవరికోసమో, అయ్యగారి కూతురి పేరుతో ప్రార్థన చేసేవారు. ఆ పేరు నోట్లోకి రాగానే అతని లోపల ఏదో చల్లబడేది. మనసు లాగడం పూర్తిగా మానలేదు. కానీ అది పిలిచినప్పుడు ఎటు వెళ్ళాలో అతని కాళ్ళకు అలవాటైంది.

వానలు వెళ్ళాక అతను బాపట్ల వెళ్ళాడు.

లీదియ వరండాలో కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. తను గుమ్మంలో నిలబడింది. పాప నడుస్తోంది. తల్లి చీర పట్టుకుని అతని వైపు చూసింది. “రా అమ్మా” అని అతను చేతులు చాపితే వెనక్కి వెళ్ళి దాక్కుంది. పాప మొదటి అడుగులు వేసినప్పుడు తను అక్కడ లేడు. అవి ఎవరు చూశారో అడగాలనుకుని, అడగలేకపోయాడు.

“తగ్గిందా?” అంది లీదియ, జ్వరం గురించి అడిగినట్టు.

“తగ్గింది. రోజూ అయ్యగారి దగ్గరికి వెళుతున్నాను. ప్రార్థన చేసుకుంటున్నాను.”

ప్రార్థన అనే మాట వినగానే ఆమె ముఖం మారింది. అతను గమనించాడు. అప్పుడే ఆ మాట వెనక్కి తీసుకుందామనిపించింది.

“నాకూ నమ్మాలనే ఉందండీ” అంది ఆమె. “కానీ ఆదివారం చర్చిలో ఎవరైనా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, వీళ్ళు నిజంగా చేస్తున్నారా అని చూస్తున్నాను. ఇదివరకు నేను అలాంటిదాన్ని కాదు. మా నాన్న ప్రార్థన చేస్తున్నా అలాగే చూస్తున్నాను.” పాపను ఎత్తుకుని అడిగింది. “ఇది నా పాపమంటారా?”

“కాదు” అన్నాడు కృపాదానం. “నాది.”

ఆమె లోపలికి వెళ్ళింది. బస్సు వేళకు టిఫిను కట్టి ఇచ్చింది. రమ్మని అనలేదు, రావద్దనీ అనలేదు.

ఊరికి వచ్చి అతను తిన్నగా అయ్యగారింటికి వెళ్ళాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ గొంతు పెంచాడు.

“దేవుడు నన్ను క్షమించాడని మీరే అన్నారు కదండీ. నాకూ లోపల తెలుస్తోంది. మరి ఆమె ఎందుకు నమ్మదు? దేవుడి కంటే ఎక్కువా?”

అయ్యగారు అతని వైపు జాలిగా చూశారు.

“దేవుడికి నీ లోపల కనిపిస్తుందిరా” అన్నారు. “పాపం, ఆ పిల్లకు నీ మాట తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ మాటనే కదా నువ్వు పాడుచేసుకున్నది.”