నోరులేని దొంగబొమ్మ

గుట్ట కింద ఒక కల్లం ఉండేది. మూడు వైపులా ముళ్లకంచె, నాలుగో వైపు అడవి. కోతలైపోయి, గడ్డివాములు వేసి మనుషులు ఊళ్లోకి వెళ్లిపోయాక ఆ కల్లం పశువులదే. అడవివైపు దారికి మూడు కుక్కలు కావలి. వాటిలో పెద్దదాన్ని అందరూ జమేదారు గారు అనాలి. అనకపోతే ఎందుకనలేదో చెప్పుకోవాలి.

ఆ కల్లంలో ఎర్రక్క అనే మేక ఉంది. ఒళ్లు వంచి బతికే మేక. ఒకరి గడ్డి ముట్టదు, తన గడ్డి ఒకరిని ముట్టనివ్వదు. దానికి లేకలేక పుట్టిన కూతురు మువ్వ. తెల్లారి లేస్తే ఎర్రక్కకు ఒకటే భయం: పిల్ల చెడు తిరుగుళ్లు తిరుగుతుందేమోనని. అందుకే రోజూ పొద్దువాలే వేళకు పిల్లను తీసుకెళ్లి నక్క ఆడించే బొమ్మలాట ముందు కూర్చోబెట్టేది. పిల్ల కదలకుండా కూర్చునేది, తల్లి నిశ్చింతగా మేసేది. పిల్ల ఎక్కడుందో చూసుకుందిగాని, ఏం చూస్తోందో చూసుకోలేదు.

అసలు నక్కను కల్లంలోకి ఎవరు రానిచ్చారని ఎవరూ అడగలేదు. రానిచ్చింది జమేదారు గారే కనుక.

నక్క రెండు కర్రల మధ్య ఒక పాత పంచె కట్టేది. పడమటి ఎండ వెనకనుంచి పడుతుంటే, టేకాకులతో చేసిన బొమ్మల్ని పుల్లలకు గుచ్చి ఆడించేది. ఆట రోజూ ఒకటే. నల్లటి దొంగ ఒకడు ఏదో ఎత్తుకుపోతాడు. భైరవవీరుడనే కుక్క వచ్చి మూడుసార్లు మొరుగుతాడు. దొంగ పరిగెడతాడు. వీరుడు మెడ పట్టుకుంటాడు. అప్పుడు మేకపిల్లలూ కోడిపిల్లలూ దూడలూ ఒక్క గొంతుతో అందుకునేవి:

"పరిగెత్తినవాడు దొంగ, పట్టుకున్నవాడు దొర."

పంచె ముందు గడ్డికుప్ప మీద పడుకుని జమేదారు అది వింటూ కళ్లు మూసుకునేవాడు, నెయ్యి తాగినట్టు.

ఒకరోజు మువ్వ అడిగింది. "నక్క మామా, వీరుడి బొమ్మకు నోరు తెరుచుకుంటుంది. దొంగబొమ్మకు అసలు నోరే లేదేం?"

"దొంగకు నోరెందుకే పిల్లా? వాడు మాట్లాడితే ఆట ముందుకు సాగుతుందా?" అంది నక్క.

పిల్లలన్నీ నవ్వాయి. దూరంగా మేస్తున్న ఎర్రక్క కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత దానికి ముల్లై గుచ్చుకుంది.

ఆ నెలలోనే నూకాలు పెట్ట గూటిలో గుడ్లు మాయమవడం మొదలైంది. రోజుకొకటి. నూకాలు ఏడ్చింది. జమేదారు తోకెత్తి కల్లమంతా తిరిగాడు, ప్రతి మూలా వాసన చూశాడు. చివరికి గడ్డివాము దగ్గర ఆడుకుంటున్న పిల్లల ముందు నిలబడి మూడుసార్లు మొరిగాడు.

మునుపటి రోజుల్లో అయితే కుక్క మొరిగితే మేకపిల్ల ఎగిరి బండ మీద ఉండేది. అది పుట్టుకతో వచ్చే తెలివి. మువ్వ కదల్లేదు. తప్పు చెయ్యనివాళ్లు పరిగెత్తరని బొమ్మలాటలో నేర్చుకుంది కదా, నిలబడింది. నిలబడ్డ పిల్ల కాలు జమేదారు నోట్లోకి సుళువుగా వచ్చింది.

కేక విని ఎర్రక్క వచ్చేసరికి పిల్ల కాలినుంచి నెత్తురు కారుతోంది.

"దొంగ దొరికింది," అన్నాడు జమేదారు.

"జమేదారు గారూ, మేక గుడ్లు తింటుందా?" అంది ఎర్రక్క.

"మామూలు మేక తినదు. దొంగ మేక తింటుంది."

"మీరు మొరిగితే పరిగెత్తలేదుగా నా పిల్ల?"

"అదే చెప్తున్నా. దొంగ కాకపోతే అంత ధైర్యంగా ఎలా నిలబడుతుంది?"

"నేను గుడ్లు తినలేదమ్మా," అంది మువ్వ.

నిన్నటిదాకా దానితో ఆడుకున్న పిల్లలే గొల్లుమన్నాయి. "దొంగకు నోరుండదు, దొంగకు నోరుండదు."

ఎర్రక్క నూకాలు వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పు నూకాలూ. కోడిగుడ్డు నమిలే మేకను పుట్టి బుద్ధెరిగి చూశావా?"

నూకాలు కాలితో నేల గీకింది. "నాకేం తెలుసు వదినా. నా పిల్లలూ అదే అంటున్నాయి. జమేదారు గారు ఊరికే పట్టుకుంటారా?"

మూల కూర్చుని నెమరేస్తున్న ముసలెద్దు మైలయ్య అప్పుడు నోరు విప్పాడు. "ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికి ఒకడు. ఆ ఎద్దును నేనే. ఇంకా ఈనలేదు. మీరంతా మాత్రం పలుపుతాడు వెతుకుతున్నారు."

"తాతా, నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు జమేదారు. "రేపు ఆట అయిపోయాక దీన్ని అడవిలోకి తోలేస్తాం. ఇక్కడి పద్ధతి అది."

పద్ధతి కొత్తది కాదు. మునుపు ఒక కుందేలుపిల్లను తోలారు, తర్వాత ఒక పందిపిల్లను. రెండూ దొంగలేనని పిల్లలు పాట పాడాయి. రెండూ తిరిగి రాలేదు. ఎర్రక్క అప్పుడు అడ్డు చెప్పలేదు. ఒకరి పిల్ల గురించి మనకెందుకని మేతలో తల పెట్టుకుంది. ఇప్పుడు తల ఎత్తి చూసింది. పంచె చాటున నక్క మువ్వను తేరిపార చూస్తూ పెదాలు నాక్కుంటోంది.

ఎర్రక్కకు మొత్తం తెలిసిపోయింది. గుడ్లు ఎవరికో, పిల్లలు ఎవరికో పంచుకునేది ఈ ఇద్దరే. ఒకడు పట్టిస్తాడు, ఒకడు మింగుతాడు. మధ్యలో బొమ్మలాట పిల్లల కళ్లకు గంతలు కడుతుంది.

కోపంతో ఒళ్లు మండిపోయింది. అయినా ఎగిరి పొడవలేదు. పొడిస్తే, తల్లి కూడా దొంగేనని రేపు ఇంకో పాట. కోపాన్ని పళ్ల బిగువున పట్టుకుని కల్లం చుట్టూ ఒకసారి నెమ్మదిగా నడిచింది. అప్పుడు కనబడింది ఒక చీమలబారు. కంచె కిందనుంచి బయల్దేరి, నేరుగా జమేదారు పడుకునే గడ్డికుప్పలోకి పోతోంది. ఎండుగడ్డికి చీమలు పడతాయా? ఆ కుప్ప దగ్గరికి కోడిపిల్ల వస్తే చాలు జమేదారు ఎందుకు గుర్రుమంటాడో కూడా అప్పుడే తెలిసింది.

తెలిసి ఏం లాభం? చెప్తే వినే చెవి లేదు. దొంగకే కాదు, దొంగ తల్లికీ నోరుండదు.

మర్నాడు మధ్యాహ్నం ఎర్రక్క తల వంచుకుని నక్క దగ్గరికి వెళ్లింది.

"నక్క బావా, నా పిల్ల తప్పు చేసింది. జమేదారు గారి ఘనత నాకిప్పుడు తెలిసొచ్చింది. పిల్లను తోలేసే ముందు ఒక్క గొప్ప ఆట ఆడించు. భైరవవీరుడు చిరుతపులిని పట్టే ఆట."

నక్క అనుమానంగా చూసింది. "చిరుతబొమ్మ నా దగ్గర లేదే."

"నేను చేసిస్తాను. మేక పళ్లకు మించిన కత్తెర ఉందా?"

ఇంతలో జమేదారు విననే విన్నాడు. "చిరుతనా? బాగుంటుంది. ఎప్పుడూ ఈ కుందేళ్లూ పందులేనా? నా స్థాయికి అది సరిపోతుంది. చెయ్యనియ్యి."

ఎర్రక్క గడ్డివాము వెనక్కి వెళ్లి, పారేసిన తాటాకుచాప ఒకటి ముందేసుకుంది. కొరికింది. చెవులు కొరికింది, వీపు వంపు కొరికింది, పొడుగాటి తోక కొరికింది. ఒంటినిండా మచ్చలకు చిల్లులు కొరికింది. ప్రతి కొరుకూ ఒక తిట్టు. చివరికి చాప అసలు చిరుతంత చిరుత అయింది.

"మైలయ్య మామా, ఒక్క సాయం," అంది. "ఆ ఖాళీ కుడితిగోలెంలో మూతి పెట్టి నీ గొంతులో ఉన్నదంతా ఒకసారి బయటికి తియ్యాలి."

"నా గొంతులో చాలా ఏళ్లది ఉందే అమ్మాయ్," అన్నాడు మైలయ్య.

పొద్దు వాలింది. పిల్లలన్నీ వచ్చి కూర్చున్నాయి. కుంటుతున్న మువ్వను ముందు వరుసలో నిలబెట్టారు. దాని పక్కన ఎవరూ కూర్చోలేదు. జమేదారు గడ్డికుప్ప మీద కాలు మీద కాలేసుకున్నాడు. చెరోపక్కా ఒక చిన్న కుక్క.

ఎర్రక్క పిల్లలకు చెప్పింది. "ఏం కనబడినా లేవకండి. జమేదారు గారు ఉండగా మనకు భయమేంటి?"

"నిజం," అన్నాడు జమేదారు.

ఆట మొదలైంది. భైరవవీరుడి బొమ్మ నోరు తెరిచి, ఎక్కడున్నావురా చిరుతా అని అరిచింది. పళ్లతో కొరికిన చిన్న బొమ్మేదో మేక తెచ్చిస్తుందని నక్క ఎదురుచూస్తోంది. దాని వీపు వెనక మైలయ్య గోలెంలోకి మూతి దించి, పదిహేనేళ్లు కాడి మోసిన గొంతుతో ఒక్క రంకె వేశాడు. గోలెం దాన్ని పదింతలు చేసింది. నక్క వెనక్కి కూడా చూడలేదు. బొమ్మలు వదిలేసి ముళ్లకంచెలోంచి దూరి, సగం బొచ్చు కంచెకే వదిలి అడవిలో పడింది.

అదే క్షణాన ఎర్రక్క చాపను నోట కరిచి పంచె వెనక నిలబెట్టింది. పంచెనిండా చిరుత. ఒంటిమీద మచ్చలన్నీ ఎండలో నిప్పుకణికల్లా వెలిగాయి.

పిల్లలు వణికాయిగాని లేవలేదు. లేచింది జమేదారు. లేవడం, తోక కాళ్ల మధ్య పెట్టడం, పరిగెత్తడం ఒకేసారి జరిగాయి. పట్టు దొరక్క గడ్డికుప్పను వెనక్కాళ్లతో చిమ్మి మరీ పరిగెత్తాడు. చిన్న కుక్కలు ఆయన్నీ దాటి పోయాయి.

ఎర్రక్క చాపను కింద పడేసి పంచె ముందుకొచ్చింది. తర్వాత ఒక కోడిపిల్ల, ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ సన్నగా అంది: "పరిగెత్తినవాడు దొంగ."

మిగతా పిల్లలు జమేదారు పోయినవైపు చూశాయి. అన్నీ కలిసి అందుకున్నాయి. రెండో ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు. పట్టుకున్నవాడు దొర అందామంటే పట్టుకున్నవాడు లేడు.

చెదిరిన గడ్డిలోంచి గుడ్డు పెంకులు దొర్లాయి. ఇరవైకి తక్కువ లేవు. నూకాలు ఒక్కొక్క పెంకునూ ముక్కుతో తాకింది. తర్వాత వెళ్లి మువ్వ కాలు పక్కన కూర్చుంది. "నా నోరు పడిపోను," అంది.

"నోరు పడిపోవడం కాదు కావలసింది. నిన్న లేవాల్సిన నోరు లేవలేదు. నాదీ అంతే, కుందేలుపిల్ల నాడు," అంది ఎర్రక్క.

చీకటి పడకముందే జమేదారు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. చాపను చూశాడు, పెంకులను చూశాడు. "నేను చెప్పేది కాస్త వినండి," అన్నాడు.

"దొంగకు నోరుండదు," అన్నాయి పిల్లలు.

ఎర్రక్క గిట్టతో నేలను తన్నింది. "ఉంటుంది. ఆ మాట ఇంకోసారి ఎవరి నోటినుంచైనా వస్తే చెవి మెలేస్తాను. చెప్పు జమేదారూ. నా పిల్లకు నువ్వివ్వని వంతు నీకిస్తున్నాను."

జమేదారు గొంతు సవరించుకున్నాడు. "నేను పారిపోలేదు. చిరుతను వెంటాడాను."

"చిరుత పడమట, నువ్వు తూర్పున," అన్నాడు మైలయ్య. "భూమి గుండ్రంగా ఉంటుందని చుట్టూ తిరిగొచ్చి పట్టుకుందామనుకున్నావా?"

"పెంకులు ఎవరో పెట్టారు."

"నీ కింద పెడుతుంటే నీకు తెలియలేదా? మువ్వ గడ్డివాము దగ్గరుంటేనే వాసన పట్టినవాడివి," అంది నూకాలు.

జమేదారుకు నోరు ఇచ్చారుగాని, అందులో పెట్టుకోవడానికి మాట దొరకలేదు. ఆ రోజునుంచి ఆయన కావలి కంచె బయట. గడ్డికుప్ప లేదు, గారు లేదు.

వారం తిరక్కుండా పిల్లలు మళ్లీ బొమ్మలాట కావాలని గోల పెట్టాయి. ఎర్రక్క వద్దనలేదు. నక్క వదిలేసిన బొమ్మలన్నీ నేలమీద పరిచి ఒక్కొక్కటీ చూసింది. వీరుడూ దొంగా ఒకే టేకుచెట్టు ఆకులు. భైరవవీరుడి బొమ్మను నమిలి మింగేసింది. చేదుగా ఉంది. తర్వాత దొంగబొమ్మను ముందు పెట్టుకుని, పళ్ల కొసతో జాగ్రత్తగా దానికి నోరు కొరికింది.

"ఇప్పుడు ఆడించు మామా," అంది మైలయ్యతో. "ముందు వీడేం చెప్తాడో విందాం."

మువ్వ కుంటుకుంటూ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఈసారి ఎర్రక్క కూడా మేత మానేసి దాని పక్కనే కూర్చుంది, పంచె మీదనుంచి కన్ను తియ్యకుండా.

నీతి: పిల్లలకు చూపించే ఆటలో దొంగకు నోరు లేకపోతే, రేపు నిజంలో మన పిల్లకూ ఉండదు.